చిట్టాతో చూడాల్సిన పాత పూటకూళ్లిళ్లు

పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనానికి వెళ్లే తెలుగువాళ్లు గుడి పులిహోర తిని, మహా అయితే జలపాతం మీద కట్టిన ఫాలింగ్‌వాటర్ ఇల్లు చూసి ఇంటిముఖం పడతారు. చేతిలో ఇంకో రోజు ఉంటే ఆ చుట్టుపక్కల పాత టావెర్న్‌లు చూడమంటాను. భోజనం, పడక, విస్కీ, గుర్రానికి మేత, ఊరి కబుర్లు అన్నీ రెండు వందల ఏళ్ల కిందట అక్కడే దొరికేవి.

అన్నిటికంటే బాగా నిలబెట్టింది ఫోర్ట్ నెసెసిటీ అనే పాత కోట దగ్గరి మౌంట్ వాషింగ్టన్ టావెర్న్. కంబర్లాండ్‌లో 1811లో పని మొదలై 1818కి వీలింగ్ చేరిన నేషనల్ రోడ్డు, అంటే ఇప్పటి రూట్ 40, దాని గుమ్మం ముందు నుంచే పోతుంది. ఇది స్టేజ్‌కోచ్‌లు, అంటే ప్రయాణికుల గుర్రపు బండ్లు, ఆగే మేలిరకం బస. సరుకు బండ్లవాళ్లకు, పశువులను తోలుకెళ్లేవాళ్లకు చవక మజిలీలు వేరే ఉండేవి. కింద సారా గది, ఆడవాళ్లు కూర్చునే గది, భోజనశాల, పైన పడకగదులు. ఎంత మేలిరకమైనా ముక్కూమొహం తెలియని మనిషితో పక్క పంచుకోవడం అప్పట్లో మామూలే. ఆ కాలపు మంచాలు మన నులక మంచాల్లాంటివే: తాళ్లు వదులైతే కొయ్య మరతో బిగించి, పైన పరుపు వేసేవారు. 1850ల్లో రైలు వీలింగ్ చేరాక ఈ దారి బోసిపోయింది.

లాఫ్లిన్‌టౌన్‌లోని కంపాస్ ఇన్ ఇంకా పాతది. దుంగల భాగం 1799 నాటిది, రాతి భాగం తర్వాత చేర్చారు. వంటిల్లు, కమ్మరి కొలిమి మళ్లీ కట్టినవే అయినా, పిల్లలతో వెళితే నా ఓటు దీనికే.

అయితే గదులు చూసినంత మాత్రాన అక్కడి బతుకు తెలియదు. అది తెలిసేది లెక్కల పుస్తకాల్లోనే. వెళ్లే ముందు ఆ కాలపు టావెర్న్ చిట్టా ఒకటి నెట్‌లో దొరికితే నాలుగు పేజీలు తిరగేయండి. తేదీ, ఆసామి పేరు, కింద పద్దులు: అర పింటు విస్కీ, రాత్రి భోజనం, పడక, గుర్రానికి ఓట్స్. చిట్టాలోంచి ఆవర్జాలోకి, అంటే ఆసామివారీ ఖాతా పుస్తకంలోకి, ఎక్కించాక పద్దు మీద గీత కొట్టేసేవారు. ఆవర్జాలో ఎడమ పేజీ బాకీ, కుడి పేజీ జమ. జమ వైపు నగదు తక్కువ. రై ధాన్యం, కట్టెలు, ఒక రోజు కూలిపని లాంటివి ఎక్కువ. డాలరు చట్టం 1792లోనే వచ్చినా చాలాచోట్ల లెక్క షిల్లింగుల్లోనే సాగింది. అదీ రాష్ట్రానికో రకం: డాలరుకు వర్జీనియాలో ఆరు షిల్లింగులు, పెన్సిల్వేనియాలో ఏడున్నర. ధరలు కూడా యజమాని ఇష్టం కాదు. వర్జీనియాలో కౌంటీ కోర్టే లైసెన్సు ఇచ్చి, భోజనానికి, పడకకు, మేతకు విడివిడిగా రేట్లు కట్టేది.

ఆ పద్దుల్లో విస్కీ అంతగా ఎందుకుందో దారి చూస్తే అర్థమవుతుంది. గుర్రం మీద కొండలు దాటించాలంటే నాలుగు బుషెళ్ల రై ధాన్యమే పడుతుంది. విస్కీగా కాస్తే ఇరవై నాలుగు బుషెళ్ల విలువ అదే గుర్రం మోస్తుంది. అందుకే 1791 నాటి విస్కీ పన్ను మీద 1794లో తిరుగుబాటు రేగింది. పిట్స్‌బర్గ్ వెస్ట్ ఎండ్‌లోని ఓల్డ్ స్టోన్ టావెర్న్‌కు చెందిన 1790ల నాటి ఖాతా పుస్తకంలో ఆ తిరుగుబాటుదారుల పేర్లున్నాయి. కట్టడం చూడటానికి అయిదు నిమిషాలు చాలు. కథ తెలియకపోతే అదొక రాతి కొంప, అంతే.

బస సంగతి. రూట్ 40 పక్కన మేం దిగిన మోటెల్‌లో దుప్పట్లు తడివాసన వేశాయి. మార్చమంటే అర్ధరాత్రి దాటింది. ఆనాటి వర్జీనియా రేట్ల పట్టీల్లో ‘శుభ్రమైన దుప్పట్లతో పడక’ అని ప్రత్యేకంగా ఎందుకు రాసేవారో అప్పుడు తెలిసొచ్చింది. పాత ఇంట్లోనే పడుకోవాలని సరదా ఉంటే ఒహైయోలోని లెబనాన్ దాకా వెళ్లాలి. అక్కడి గోల్డెన్ లాంబ్‌కు జోనస్ సీమన్ 1803లో నాలుగు డాలర్లు కట్టి లైసెన్సు తీసుకున్నాడు. ఇప్పటికీ గదులిస్తారు, భోజనం పెడతారు. కాకపోతే పిట్స్‌బర్గ్ నుంచి నాలుగు గంటలకు పైనే. సిన్సినాటి, డేటన్ వైపు ఉండేవాళ్లకే అది అనుకూలం. ఇప్పుడు మ్యూజియంలైన మౌంట్ వాషింగ్టన్, కంపాస్ ఇన్ రెండూ చలికాలంలో మూసి ఉంటాయి కాబట్టి వేళలు కనుక్కుని, గుడి పులిహోర పొట్లం కట్టించుకుని బయలుదేరండి. ఆ కొండదారిలో శాకాహారం దొరకడం కష్టం.