చేపల తొట్టి ఫిల్టర్: నీళ్లు గంటకోసారి తిరగాలా, రెండు గంటలకోసారా?

పెరట్లో కోయి చేపలు (రంగురంగుల అలంకార చేపలు) పెంచే స్నేహితులు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: ఫిల్టర్‌కి నీళ్లు ఎంత వేగంగా పంపాలి? తొట్టిలో నీళ్లన్నీ గంటకోసారి ఫిల్టర్ గుండా తిరిగి రావాలా, రెండు గంటలకోసారి తిరిగితే చాలా? ఈ వేసవిలో నా తొట్టికి నేనే సెట్టింగ్ మార్చాల్సి వచ్చింది.

మాది విజయవాడ. తొట్టి ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, నీళ్ల లోతు రెండున్నర అడుగులు. అంటే సుమారు 2,800 లీటర్లు. పక్కనే 200 లీటర్ల నీలం డ్రమ్ములో స్పాంజి, కంకర నింపిన ఫిల్టర్.

రెండు గంటలకోసారి అంటే గంటకు 1,400 లీటర్లు. నీళ్లు డ్రమ్ములో నిదానంగా కదులుతాయి కాబట్టి చెత్త అడుగుకు దిగుతుంది. యూవీ లైటు (నాచును చంపే అతినీలలోహిత దీపం) ఉంటే నీళ్ల పచ్చదనం కూడా బాగా తగ్గుతుంది, కరెంటు ఆదా. నీళ్లు అద్దంలా ఉంటాయి. అందుకే చాలాకాలం నేనూ వాల్వు సగం మూసే ఉంచాను.

గంటకోసారి తిప్పితే సన్నటి మడ్డి కొంత వెనక్కి వస్తుంది, స్పాంజి త్వరగా పూడుకుపోతుంది. చేపలు వదిలే విషపు అమ్మోనియాను తినే ఫిల్టర్‌లోని బాక్టీరియాకి పని చేసే టైము చాలదని కొందరు భయపడతారు కానీ అది సరికాదు. ఒక్కో చుట్టులో తక్కువ అమ్మోనియా పోయినా, చుట్లు ఎక్కువ కాబట్టి మొత్తం మీద లోటు రాదు. పైగా ఆ బాక్టీరియాకి కావలసిన ఆక్సిజన్ కూడా పారే నీళ్లతోనే అందుతుంది.

నా దృష్టిలో అసలు తేల్చేది ఆక్సిజనే. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది, 30 డిగ్రీలకు ఏడున్నరే. వేడికి చేపల అవసరం మాత్రం పెరుగుతుంది. రాత్రిపూట నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది. మే నెలలో ఒకరోజు తెల్లవారుజామున వెళ్లి చూస్తే చేపలన్నీ గొట్టం కింద గుమిగూడి, నోళ్లు పైకి పెట్టి గుటకలు వేస్తున్నాయి. అప్పటికే రెండు తేలిపోయాయి. నీళ్లలో అడుగున గులకరాయి కూడా కనిపిస్తోంది, అంత తేటగా ఉన్నాయి.

ఆ రోజే బకెట్ పెట్టి కొలిచాను. మోటారు డబ్బా మీద గంటకు 3,000 లీటర్లని ఉంది. వాల్వు పూర్తిగా తెరిచినా 20 లీటర్ల బకెట్ నిండడానికి 38 సెకన్లు పట్టింది, అంటే 1,900 లీటర్లే. నీళ్లు నాలుగైదడుగులు పైకెక్కాలి, గొట్టంలో మూడు వంపులు, అక్కడే పోతుంది. డబ్బా మీది అంకెను నమ్మి లెక్క వేసుకోవద్దు, గొట్టం చివర కొలవండి.

అందుకే నా ఓటు గంటకోసారికే, నీళ్లన్నీ ఫిల్టర్ గుండానే వెళ్లకపోయినా సరే. మీ డ్రమ్ము చిన్నదైతే నీళ్లన్నీ దానిలోకే తోయకండి. నేను పెద్ద మోటారు తెచ్చి, గొట్టానికి టీ జాయింటు (నీళ్లను రెండు దారులుగా చీల్చేది) వేశాను. డ్రమ్ములోకి గంటకు 2,000 లీటర్లు, మిగతా వెయ్యి అడుగు ఎత్తు నుంచి నేరుగా తొట్టిలోకి పడుతుంది. ఆ పడే నీళ్లే గాలిని పట్టుకొస్తాయి. వాల్వు ఎప్పుడూ మోటారు తర్వాతే పెట్టండి, నీళ్లు పీల్చే వైపు కాదు.

నాలుగైదు గోల్డ్‌ఫిష్‌లే ఉన్న తొట్టికి రెండు గంటలు సరిపోతుంది. డిసెంబరు చలిలో కోయికి కూడా కొంచెం తగ్గించవచ్చు. టైమర్ పెట్టి రాత్రంతా ఆపేయడం మాత్రం వద్దే వద్దు, ఫిల్టర్‌లోని బాక్టీరియాకి ఊపిరాడదు.

రెండు వారాలకోసారి బకెట్ పెట్టి చూస్తాను. డ్రమ్ము గొట్టం దగ్గర 36 సెకన్లలో నిండాల్సింది 50 సెకన్లు పడితే ఆ రోజే స్పాంజి కడుగుతాను. అదీ తొట్టి నీళ్లతోనే, కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి.