పాముక్కలే, మామత్: సున్నపు మెట్లను కాపాడే తీరులో ఏది మేలు?

టర్కీలోని పాముక్కలేలో చెప్పులు విప్పేసి తెల్లటి మెట్ల మీద నీళ్లలో నడవొచ్చు. అమెరికాలో, యెల్లోస్టోన్ నేషనల్ పార్కులోని మామత్ హాట్ స్ప్రింగ్స్‌లో చెక్కబాట దిగి ఒక్క అడుగు వేసినా నేరమే. రెండుచోట్లా జరిగేది ఒకటే. నేల లోపల సున్నపురాయిని కరిగించుకొచ్చిన వేడినీళ్లు పైకి రాగానే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, సున్నం మిగిలి మెట్లుమెట్లుగా పేరుకుంటుంది. బోరునీళ్లు కాచే గిన్నెకు పట్టే తెల్లపొర లాంటిదే, కాకపోతే కొండంత.

పాముక్కలే ఒకప్పుడు బాగా దెబ్బతింది. పైన హియరాపోలిస్ అనే ప్రాచీన నగరపు శిథిలాల మధ్యే హోటళ్లు కట్టి, ఊటనీళ్లను తమ ఈతకొలనులకు మళ్లించుకున్నారు. మెట్ల మీదుగా తారురోడ్డు కూడా వేశారు. 1988లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాక హోటళ్లను పడగొట్టారు, రోడ్డు తీసేసి ఆ జాగాలో కృత్రిమంగా తొట్లు కట్టారు. ఇప్పుడు మనల్ని నడవనిచ్చేది ఎక్కువగా ఆ దారిలోనే. ఎలాగూ పాడైన చోటు జనానికి వదిలి మిగతాది కాపాడుకోవడం, నన్నడిగితే, తెలివైన పనే. నీళ్లు కూడా వంతులవారీగానే వదులుతారు. ఎప్పుడూ తడిగా ఉంటే నాచు పట్టి తెలుపు పోతుంది మరి. అందుకే ఫొటోల్లో చూసిన నీలిరంగు తొట్లు మీరు వెళ్లేసరికి ఎండిపోయి ఉండొచ్చు.

మామత్‌లో నీటికి వంతులు పెట్టేవారు లేరు. ఊట తనంతట తాను దారి మార్చుకుంటుంది. నిన్నటిదాకా మెరిసిన మెట్టు బూడిదరంగుకు తిరిగి పొడిపొడిగా రాలుతుంది. కొత్త దారిలో అడ్డొచ్చిన చెట్లు మొదలంటా తెల్లబడి, నిలువునా ఎండి అలాగే నిలబడి ఉంటాయి. చెక్కబాటకు అడ్డమొచ్చినా జరగాల్సింది బాటే.

కాపాడే తీరు వరకైతే నా ఓటు మామత్‌కే. కానీ ఆ పద్ధతి పాముక్కలేలో కుదరదు. రెండువేల ఏళ్లుగా జనం స్నానాలకు వస్తున్న చోట నీళ్లు ముట్టొద్దంటే ఎవరు వింటారు?

ఇక వెళ్లేవాళ్లకు: పాముక్కలేలో రాయి కొన్నిచోట్ల పాదాలకు గరుకుగా గుచ్చుకుంటుంది, కొన్నిచోట్ల జారుతుంది. అమెరికాలో పిల్లల దగ్గరికొచ్చిన అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులుంటే మామత్ మేలు. వేసవిలో పైమెట్ల చుట్టూ వన్‌వే రోడ్డు మీద కారులోనే తిప్పి చూపించొచ్చు.