కార్బన్ ఫైబర్ వయొలిన్ బో: వాడి చూశాక

పెర్నంబుకో అనే చెట్టు కర్రతో చేసిన నా పాత బో (వయొలిన్ తీగలపై లాగే కమాను) విరిగాక మళ్లీ ఆ కర్రే కొనడానికి మనసొప్పలేదు. ఆ చెట్టు సహజంగా పెరిగేది బ్రెజిల్ అట్లాంటిక్ అడవుల్లోనే. ఎర్రరంగు కోసం పదహారో శతాబ్దం నుంచే నరికారు. తర్వాత చెరకు, కాఫీ తోటలు, పశువుల బీళ్లు అడవినే మింగేశాయి. 2007లో ఈ చెట్టును సైట్స్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) కిందికి తెచ్చినా దొంగ నరుకుడు ఆగలేదు. బోకి పనికొచ్చే చేవ రావాలంటే చెట్టు దశాబ్దాలు ఎదగాలి, చెక్కేటప్పుడు అందులో చాలాభాగం వృథా!

ఈ కార్బన్ బో బరువు చేతికి చక్కగా కుదిరింది. స్క్రూ తిప్పితే బోకి కట్టిన గుర్రపు వెంట్రుకలు సమంగా బిగుస్తాయి. తేమకి కర్ర వంగుతుందన్న టెన్షన్ లేదు. వేగంగా వాయించేటప్పుడు పట్టు బాగుంది. మంద్రస్థాయిలో నెమ్మదిగా లాగితే మాత్రం నాదం కాస్త పలచన. అయినా నేర్చుకునేవాళ్లు ఇదే తీసుకోండి.