జూలై 4: నేషనల్ మాల్‌కా, స్నేహితుడి పెరట్లోకా?

జూలై 4 అమెరికా స్వాతంత్ర్య దినం. వాషింగ్టన్ డి.సి. దగ్గర ఉంటాం కాబట్టి ఏటా ఇంట్లో ఇదే చర్చ: నగరం నడుమ ఉన్న పెద్ద పచ్చిక మైదానం నేషనల్ మాల్‌కి వెళ్లి బాణసంచా చూడటమా, స్నేహితుడి పెరట్లో గ్రిల్ మీద కాల్చుకు తినడమా?

ఖర్చు: మాల్‌లో బాణసంచాకు టికెట్ లేదు, మెట్రో ఛార్జీ చాలు. పెరట్లో అయితే బొగ్గులు, చికెన్, మొక్కజొన్న కంకులు తలా కొంత తెచ్చుకోవాలి.

శ్రమ: మాల్‌లో సెక్యూరిటీ తనిఖీ, ఎండలో గంటల తరబడి ఎదురుచూపు, తిరుగు రైలుకి పెద్ద క్యూ. పెరట్లో పొగకు కళ్లు మండుతాయి, అంతే.

రిస్క్: మాల్‌లో ఉరుముల వాన వస్తే తలదాచుకోవడం కష్టం. పెరట్లో పిల్లల చేతిలో కాకరపువ్వొత్తులు ఉంటాయి, పక్కన నీళ్ల బకెట్ తప్పనిసరి.

దేశభక్తి: ఉదయం మాల్ దగ్గరి నేషనల్ ఆర్కైవ్స్ (జాతీయ పత్రాల భవనం) మెట్ల మీద 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన చదువుతారు. అది వింటుంటే చిన్నప్పటి ఆగస్టు 15 గుర్తొచ్చి నాకు గొంతు పూడుకుపోయింది.

స్నేహం: మేం అమెరికా వచ్చిన కొత్తలో పక్కింటాయన జూలై 4కి తన పెరట్లోకి పిలిచాడు. అమ్మ శాకాహారి అని తెలిసి గ్రిల్‌లో సగానికి రేకు పరిచి, కంకులు వేరే పట్టకారుతో తిప్పాడు. ఈ దేశం మీద నాకు ప్రేమ మొదలైంది అక్కడే.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి, వాళ్ల కాళ్లు సహకరిస్తే మాల్‌కే వెళ్లండి. పసిపిల్లలుంటే పెరడే నయం. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు తెలిసుంటే మాత్రం రెండో ఆలోచన వద్దు, పెరట్లోకి వాళ్లనీ పిలవండి.