సిర్రోసిస్ తీవ్రతను ఏది సరిగా చెబుతుంది: కొలెస్ట్రాల్ అంకెలా, చైల్డ్-ప్యూ, మెల్డ్ స్కోర్లా?

ఏళ్ల తరబడి 230 దగ్గర ఉన్న మొత్తం కొలెస్ట్రాల్ మందులేవీ మార్చకుండానే 110కి దిగితే ఇంట్లో అందరూ సంతోషిస్తారు. ల్యాబ్ రిపోర్టు కూడా వారిని హెచ్చరించదు. అందులో ‘200 లోపు ఉండాలి’ అని పై హద్దు మాత్రమే అచ్చయి ఉంటుంది కాబట్టి 110 ఎదురుగా ఏ గుర్తూ పడదు. ఆ రిపోర్టు సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడే జబ్బు) రోగిదైతే మాత్రం ఆ తగ్గుదలను అనుమానంగా చూడాలి.

కొలెస్ట్రాల్ తయారీలో కాలేయానిది పెద్ద పాత్ర. దాన్ని రక్తంలో మోసే ప్రోటీన్లలో చాలావాటిని, హెచ్‌డీఎల్ (‘మంచి’ కొలెస్ట్రాల్) సక్రమంగా రూపొందడానికి కావలసిన ఎల్‌క్యాట్ అనే ఎంజైమును కూడా ప్రధానంగా కాలేయమే తయారు చేస్తుంది. కణాలు దెబ్బతిని ఈ పని కుంటుపడే కొద్దీ మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్ (‘చెడు’ కొలెస్ట్రాల్), హెచ్‌డీఎల్ మూడూ పడిపోతాయి. అంటే కాలేయమే తయారు చేసే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గడం ఏ సంగతి చెబుతుందో, ఇవీ దాదాపు అదే చెబుతాయి: కాలేయం పని కుంటుపడిందని.

అలాగని లిపిడ్ ప్రొఫైల్‌నే (రక్తంలోని కొవ్వుల పరీక్షనే) కొలబద్దగా తీసుకోవచ్చా? తీసుకోకూడదనే నా అభిప్రాయం. ఫ్యాటీ లివర్‌తో, మధుమేహంతో మొదలైన రోగికి ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) ముందునుంచే ఎక్కువగా ఉండవచ్చు. తిండి సరిగా లేకపోయినా, స్టాటిన్ మాత్రలు వాడుతున్నా కొలెస్ట్రాల్ తగ్గుతుంది. కాలేయంలోని పిత్తనాళాలు దెబ్బతినే ప్రైమరీ బిలియరీ కోలాంజైటిస్ అనే జబ్బులోనైతే పిత్తం బయటికి పోక కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ఒకే అంకెకు ఇన్ని కారణాలు ఉన్నప్పుడు, ఆ రోగి పాత రిపోర్టులు పక్కన పెట్టుకోకుండా దాని అర్థం తేల్చడం కష్టం.

చైల్డ్-ప్యూ స్కోరు బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం), ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే సమయం, పొట్టలో నీరు, మెదడు మందగించడం అనే ఐదింటినీ కలిపి లెక్కిస్తుంది. 5–6 వస్తే ‘ఏ’ (A) తరగతి, 7–9 ‘బీ’ (B), 10–15 ‘సీ’ (C), అంటే అన్నింటికన్నా తీవ్రం. మంచం పక్కనే లెక్కకట్టగలగడం దీని బలం. పొట్టలో నీరు ‘కొద్దిగా’ ఉందా ‘ఎక్కువగా’ ఉందా అన్నది చూసే డాక్టరు అంచనాను బట్టి మారడం బలహీనత.

మెల్డ్‌లో ఆ సందిగ్ధం లేదు. బిలిరుబిన్, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరును చెప్పే అంకె), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరును చెప్పేది)లతో 6 నుంచి 40 వరకు అంకె వస్తుంది; అంకె పెరిగే కొద్దీ జబ్బు తీవ్రం. అమెరికాలో 2002 నుంచి కాలేయ మార్పిడికి ఎవరిది ముందు వంతో నిర్ణయించడానికి దీన్నే ఆధారం చేసుకున్నారు. తర్వాత సోడియాన్ని కూడా చేర్చారు. అయితే కండ తక్కువగా ఉన్నవారిలో క్రియాటినిన్ తక్కువగా కనిపిస్తుంది, స్త్రీలలో కండ సాధారణంగా తక్కువ కాబట్టి వారి జబ్బు తీవ్రత అసలున్నదానికంటే తక్కువగా లెక్కలోకి వచ్చేది. ప్రాణం మీదికి వచ్చే ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికే మెల్డ్ 3.0లో స్త్రీ, పురుష భేదాన్నీ, ఆల్బుమిన్‌నూ చేర్చారు.

కాబట్టి రోజువారీ వైద్యంలో చైల్డ్-ప్యూ, మార్పిడి విషయంలో మెల్డ్ మేలు. లిపిడ్లు ఈ రెండింటికీ ప్రత్యామ్నాయం కావు. అయినా సిర్రోసిస్ ఉన్నట్టు తెలిసిన మనిషికి కారణం కనిపించకుండా కొలెస్ట్రాల్, ముఖ్యంగా హెచ్‌డీఎల్, రిపోర్టు రిపోర్టుకీ పడిపోతుంటే ఆ రెండు స్కోర్లనూ వెంటనే మళ్లీ కట్టించుకోవాలి. స్టాటిన్ వాడుతున్నవారు తమంతట తాము మానకూడదు: చైల్డ్-ప్యూ ‘ఏ’ తరగతిలో వాటిని సాధారణంగా కొనసాగిస్తారు, ‘సీ’ తరగతిలో మాత్రం కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉన్నందున కాలేయ నిపుణులు సాధారణంగా వాటిని వద్దంటారు.