లార్డ్స్‌లో టికెట్ కొనేముందు: ఏ స్టాండ్ నుంచి ఆట ఎలా కనిపిస్తుంది

లండన్‌లోని లార్డ్స్ క్రికెట్ మైదానంలో స్టాండ్లు ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో లేచాయి. కాబట్టి సీటు ఎంచుకునేటప్పుడు రేటు ఒక్కటే చూస్తే చాలదు. ఆ స్టాండ్ ఎప్పటిది, ఏ దిక్కుకు తిరిగి ఉంది అన్నవి కూడా చూసుకోవాలి.

పెవిలియన్ సంగతి ముందే తేల్చేద్దాం. థామస్ వెరిటీ డిజైన్‌తో 1889-90లో కట్టిన ఈ భవనంలోకి మ్యాచ్ రోజు మామూలు టికెట్‌తో వెళ్లలేం. మ్యాచ్ లేని రోజు టూర్ టికెట్ తీసుకుంటే లాంగ్ రూమ్, డ్రెస్సింగ్ రూములు చూపిస్తారు. పర్యాటక జట్టు గదిలోని ఆనర్స్ బోర్డు (ఇక్కడ సెంచరీలు, ఐదేసి వికెట్లు సాధించినవారి పేర్ల పలక) మీద మన అజహరుద్దీన్ 1990లో కొట్టిన 121 కనిపిస్తుంది. సిరాజ్ పేరు కోసం మాత్రం వెతక్కండి. 2021లో రెండు ఇన్నింగ్స్‌లోనూ నాలుగేసి వికెట్లు తీశాడు, కానీ బోర్డెక్కాలంటే ఒకే ఇన్నింగ్స్‌లో ఐదు పడాలి.

ఉత్తరం వైపున్నది గ్రాండ్‌స్టాండ్. న్యూఢిల్లీ సచివాలయ భవనాలు గీసిన హెర్బర్ట్ బేకరే 1926లో ఇక్కడా ఒక స్టాండ్ కట్టాడు. చూడ్డానికి దర్జాగా ఉండేది గానీ, చాలా సీట్ల నుంచి మైదానం పూర్తిగా కనిపించేది కాదు. స్టాండ్‌కు అంతకంటే పెద్ద లోపం ఏముంటుంది? దాని మీద ఆయన కానుకగా పెట్టిన గాలి దిక్కు చూపే సూచిక మాత్రం (వికెట్ల మీద బెయిల్స్ తీస్తున్న కాలపురుషుడి బొమ్మ) ఇప్పటికీ ఉంది, దక్షిణం వైపుకు మారిందంతే. బేకర్ స్టాండ్‌ను పడగొట్టి, 1998లో నికొలస్ గ్రిమ్‌షా డిజైన్‌తో కొత్తది తెరిచారు. అడ్డొచ్చే స్తంభాల బెడద తగ్గింది. కానీ ఇది దక్షిణానికి తిరిగిన స్టాండ్. నీడ లేని వరసల్లో కూర్చుంటే ఎండ మొహం మీదే, టోపీ తప్పనిసరి.

ఎదురుగా దక్షిణాన మౌండ్ స్టాండ్ ఉంది. నా దృష్టిలో ఈ మైదానంలో బుర్రపెట్టి కట్టిన స్టాండ్ ఇదే. 1890ల చివర్లో ఫ్రాంక్ వెరిటీ కట్టిన ఇటుక కమానులను మైకేల్ హాప్కిన్స్ కూల్చలేదు. వాటినే ఇంకొంత పొడిగించి, పైన స్టీలు స్తంభాలు నిలిపి, తెల్లటి గుడారం కప్పాడు. 1987లో తెరిచారు. వీపు సూర్యుడి వైపు ఉంటుంది కాబట్టి కళ్లకు హాయి. అయితే వెనక వరసల్లో నీడతో పాటు చలీ ఉంటుంది, జూన్‌లో అయినా జాకెట్ పట్టుకెళ్లండి. కింది అంతస్తులో వెనక్కి పోయేకొద్దీ పై అంతస్తు అడ్డొచ్చి, గాల్లోకి లేచిన బంతి మాయమవుతుంది.

ఎడ్రిచ్, కాంప్టన్ స్టాండ్లలోనూ ఇదే గొడవ ఉండేది. 1991 నాటి వాటిని తీసేసి 2021లో కొత్తవి తెరిచారు. బౌలింగ్ చూడాలనుకునేవాళ్లు వీటి పై అంతస్తే కొనాలి. పిచ్‌కు సూటిగా వెనక, 1999 నాటి అల్యూమినియం మీడియా సెంటర్‌కు అటూ ఇటూ ఉంటాయి. లార్డ్స్ వాలు కూడా ఇక్కడి నుంచే బాగా తెలుస్తుంది. గ్రాండ్‌స్టాండ్ వైపు నుంచి దక్షిణాన ఉన్న టావెర్న్ స్టాండ్ వైపుకు నేల దాదాపు రెండున్నర మీటర్లు దిగుతుంది. అందుకే పెవిలియన్ ఎండ్ నుంచి వేసిన బంతి కుడిచేతి బ్యాటర్‌కు లోపలికి వస్తుంది, ఎదుటి కొస, అంటే మీడియా సెంటర్ వైపున్న నర్సరీ ఎండ్ నుంచి బయటికి పోతుంది. పక్క స్టాండ్లలో కూర్చుంటే బంతి లెంగ్తు తెలుస్తుంది గానీ ఈ కదలిక పట్టుకోలేం. ఒక్కటే చిక్కు: ఇవి పడమటికి తిరిగినవి, టీ తర్వాత ఎండ కళ్లలో కొడుతుంది.

2017 నాటి వార్నర్ స్టాండ్ మూలగా ఉంటుంది. కొత్తది, సౌకర్యమైనది, పొద్దున కాస్త ఎండ తప్ప ఇబ్బంది లేదు.

టెస్టు టికెట్లకు ముందుగా బ్యాలట్‌లో (లాటరీలో) పేరు ఇవ్వాలి. సీటు వివరాల్లో వ్యూ పరిమితం అని రాసి ఉంటే తేలిగ్గా తీసుకోవద్దు. సెయింట్ జాన్స్ వుడ్ స్టేషన్‌లో దిగితే పది నిమిషాల నడక. ఇంటి నుంచి తిండి తెచ్చుకోనిస్తారు, పులిహోర డబ్బాకు అభ్యంతరం లేదు.