ఇంటికొచ్చే జన్యు పరీక్ష కిట్: 5కు 2

11 ఏళ్లుగా నాకు క్రోన్స్ వ్యాధి, అంటే పేగుల్లో దీర్ఘకాలం ఉండిపోయే వాపు జబ్బు, ఉంది. 19 ఏళ్ల మా అబ్బాయికీ వస్తుందేమోనన్న బెంగతో ఈ కిట్ తెప్పించాను. ఉమ్మి ఇచ్చే అరగంట ముందు నుంచి మంచినీళ్లు కూడా తాగకూడదు. గొట్టం మీది గీత దాకా ఉమ్మి నింపాలి, నురుగు లెక్కలోకి రాదు. వాడికి నోరెండిపోయి పావుగంట పట్టింది. సూచనలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి, ఆ రెండు మార్కులు వాటికే.

నాలుగు వారాలకు నివేదిక వచ్చింది. ఆకుపచ్చ రంగు పెట్టెలో ‘ముప్పు తక్కువ’ అని ఉంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మర్నాడు చివరి పేజీ చదివితే, వాళ్లు చూసింది ఎన్‌ఓడీ2 జన్యువులో మూడు మార్పులే! క్రోన్స్‌తో సంబంధం ఉందని 2001లో తేలిన తొలి జన్యువు అది, నిజమే. కానీ ఆ మూడూ ఎక్కువగా ఐరోపా మూలాల వారిలో కనిపించేవి, భారతీయుల్లో దాదాపు ఉండవు. క్రోన్స్ లాంటి పేగుపూత జబ్బులతో ముడిపడిన జన్యు స్థానాలు 200కు పైగా ఉన్నాయి. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో సైతం ఒకరికి క్రోన్స్ వచ్చి మరొకరికి రాకపోవచ్చు. ఇవేవీ చెప్పకుండా తల్లికి అభయమివ్వడం తప్పు.

అదే డబ్బుతో, క్రోన్స్‌కు వాడే అజాథయోప్రిన్ మందు మొదలుపెట్టే ముందు ఎన్‌యూడీటీ15 జన్యు పరీక్ష గురించి మీ డాక్టరును అడగండి. ఆ జన్యువులో మార్పు ఉంటే మందు తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గించవచ్చు, మనవాళ్లలో అది అరుదేమీ కాదు. నాకు ఆ పరీక్ష ఎవరూ చేయించలేదు. ఆ మందు మొదలుపెట్టిన మూడో వారంలో దిండు నిండా రాలిన జుట్టు చూసి రక్తపరీక్షకు పరుగెత్తాం.